వెండి మీద గరిటె, వంకీ కర్ర: రోమన్ డెనారియస్ అచ్చులు చెక్కిన డైరీ

నవంబరు 9

నల్గొండ జిల్లా అక్కనపల్లిలో బయటపడిన రోమన్ వెండి నాణేల నిధి గురించి చదివిన రోజు నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. 1,500కు పైబడిన ఆ నాణేల్లో ఎక్కువ భాగం ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలానివి. మన దేశంలో దొరికిన ఆగస్టస్ వెండి నాణేల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే రకానికి బొరుసు వైపున ఇద్దరు యువకులు నిలబడి ఉంటారు. వారి మధ్య రెండు డాళ్లు, వాటి వెనుక రెండు ఈటెలు ఉంటాయి. వాటికి పైన, రెండు తలల నడుమ మిగిలిన కొద్దిపాటి చోటులో ఒక గరిటె, ఒక వంకీ కర్ర కనిపిస్తాయి. 18, 19 మిల్లీమీటర్ల వెడల్పున్న వెండి బిళ్ల మీద అక్షరం పట్టడమే కష్టమైన చోట, చెక్కినవాడు ఆ గరిటెను, ఆ కర్రను వదిలేయకుండా ఎందుకు ఇరికించాడన్నదే నా ప్రశ్న.

చదివి తెలుసుకోగలిగినది కొంత తెలుసుకున్నాను. ఇక చేత్తో చెక్కి చూడాలని నిర్ణయించుకున్నాను. డెనారియస్ అనే రోమన్ వెండి నాణేల్లో పూజాసామగ్రి ఉన్న మూడింటి బొరుసు అచ్చులను ఉక్కు మీద చెక్కి, వెండి బిళ్లల మీద సుత్తితో కొట్టి చూడటం నేను పెట్టుకున్న పని. మొదటిది క్రీ.పూ. 49 నాటి జూలియస్ సీజర్ ఏనుగు నాణెం, రెండవది క్రీ.పూ. 46 నాటి సీజర్ నాణెం, మూడవది పైన చెప్పిన ఆగస్టస్ నాణెం. బొమ్మ వైపు అసలు బొమ్మను చెక్కను. దానికి బదులు "నకలు" అన్న తెలుగు మాటను పెద్ద అక్షరాలతో చెక్కుతాను. పాత నాణేల పేరుతో నకిలీలు అమ్మేవారు ఎందరో ఉన్న రోజుల్లో, నా చేతి మీదుగా వెళ్లే ఒక్క బిళ్ల కూడా ఎవరినీ మోసగించకూడదు.

నవంబరు 16

ఈ వారమంతా కాగితం మీదే గడిచింది. ఒక్కొక్క వస్తువును అరచేయంత పెద్దదిగా గీసి, తర్వాత క్రమంగా చిన్నది చేస్తూ, ఏ గీత తీసేస్తే ఆ వస్తువు గుర్తుపట్టరాకుండా పోతుందో చూస్తూ వచ్చాను.

ఏనుగు నాణెం బొరుసు మీద నాలుగు వస్తువులు వరుసగా ఉన్నాయి. మొదటిది ద్రాక్షసారాయిని దేవతకు ధారపోసే పొడవాటి కాడ గల గరిటె. దానిని సింపులుమ్ అంటారు. మన పంచపాత్రలోని ఉద్ధరిణితో పోలిస్తే దీని కాడ చాలా పొడవు, గిన్నె లోతు ఎక్కువ. అయినా చేసే పని ఒక్కటే, కొలిచి కొద్దికొద్దిగా వదలడం. రెండవది ఆస్పెర్గిలుమ్, కుచ్చు కట్టిన ప్రోక్షణి. మామిడాకుతో నీళ్లు చల్లే పనిని రోమన్లు ఈ కుచ్చుతో చేసేవారు. మూడవది బలిపశువును కొట్టే గొడ్డలి. నాలుగవది ఆపెక్స్, ఫ్లామెన్ అనే ప్రత్యేక పూజారులు ధరించే టోపీ. దాని కొసన ఆలివ్ కర్ర ముక్క ఒకటి మొలకలా నిలిచి ఉంటుంది. జూపిటర్ ఫ్లామెన్‌కు ఉన్న కట్టుబాట్లు అసంఖ్యాకం. ఆ టోపీ లేకుండా ఆరుబయట తిరగరాదన్నది వాటిలో ఒకటి.

గీస్తున్నప్పుడు తెలిసిన మొదటి సంగతి: ఈ నాలుగింటికీ ఒకదానితో ఒకటి పోలిక లేని అంచులున్నాయి. గరిటెకు కింద గుండ్రన, ప్రోక్షణికి కింద గీతల గుబురు, గొడ్డలికి పక్కకు పొడుచుకొచ్చిన కోణం, టోపీకి పైన ముల్లు. నాణెం అరిగిపోయి లోపలి వివరం అంతా చెరిగిపోయినా, అంచును బట్టి నాలుగింటినీ గుర్తుపట్టవచ్చు. చేతులు మారి మారి అరిగే వస్తువు మీద బొమ్మను ఎంచుకోవడంలో ఇంతకంటే పెద్ద తెలివి ఉండదని నాకు అనిపిస్తున్నది.

నవంబరు 23

టూల్ స్టీల్ కడ్డీ నుంచి 25 మిల్లీమీటర్ల వ్యాసం గల నాలుగు ముక్కలు కోయించాను: బొరుసు అచ్చులకు మూడు, "నకలు" అచ్చుకు ఒకటి. వాటిని కొలిమిలో ఎర్రగా కాల్చి, బూడిదలో కప్పి రాత్రంతా చల్లారనిచ్చాను. అలా మెత్తబడకపోతే సన్నపు ఉలి ఉక్కు మీద జారిపోతుంది తప్ప దిగదు. మా వీధిలో వెండి మీద పోగరపని చేసే పెద్దాయన తన పాత ఉలులు ఆరు ఇచ్చి, వాటిని సానరాయి మీద పదును పెట్టే పద్ధతి కూడా చూపించారు.

అచ్చులో పల్లం నాణెం మీద మిట్ట అవుతుంది. అచ్చులో ఎడమ నాణెం మీద కుడి అవుతుంది. ఈ సంగతి పిల్లలకు కూడా తెలుసు. అయినా అద్దంలో కనిపించినట్లు ఆలోచిస్తూ చెక్కడం చేతికి అలవాటు కావడానికి నాలుగు రోజులు పట్టింది. రోజూ పని ముగిసే ముందు మైనాన్ని మెత్తగా పిసికి అచ్చు మీద అదిమి, వచ్చిన ముద్రను దీపం పక్కవెలుగులో చూస్తున్నాను. గొడ్డలి ఒక్క రోజులో వచ్చింది. గరిటె గిన్నెకు గుండ్రటి మొన గల పోటును ఒక్క దెబ్బతో దింపితే చాలునని రెండవ రోజు తెలిసింది. ప్రోక్షణి కుచ్చు మాత్రం వెంట్రుక వెంట్రుకగా చెక్కవలసి వచ్చింది.

నవంబరు 30

మొదటి అచ్చు చెక్కడం పూర్తయింది. ఉలి కదులుతున్నంతసేపూ ఈ నాణెం పుట్టిన సందర్భమే మనసులో ఉన్నది.

క్రీ.పూ. 49 జనవరిలో సీజర్ రూబికాన్ ఏరు దాటి సొంత రాజ్యం మీదికే సైన్యాన్ని నడిపించాడు. సైనికులకు జీతాలు ఇవ్వాలంటే వెండి కావాలి. ఆ వెండి మీద ఏదో ఒక ముద్ర ఉండాలి. బొమ్మ వైపున ఒక ఏనుగు పామును కాలికింద తొక్కుతూ ఉంటుంది. కొందరు పండితులు అది పాము కాదు, గాల్ జాతులవారి యుద్ధపు బూర అంటారు. ఏనుగు కింద "సీజర్" అన్న పేరు తప్ప వేరే అక్షరం లేదు. బతికి ఉన్న రోమన్ ముఖాన్ని రోము నాణెం మీద ముద్రించే ఆచారం అప్పటికి లేదు. సీజర్ ముఖం నాణెం మీదికి ఎక్కింది క్రీ.పూ. 44లో, ఆయన హత్యకు కొద్ది కాలం ముందు. 49లో ముఖానికి బదులు ఆయన పెట్టినది పదవి. క్రీ.పూ. 63లో ఎన్నికలో గెలిచి పోంటిఫెక్స్ మాక్సిముస్, అంటే రాజ్యంలోని పూజారులందరికీ పెద్ద అయ్యాడు. సెనేట్ ఆయనను శత్రువుగా ప్రకటించినా ఆ పౌరోహిత్యం మాత్రం ఆయన బతికి ఉన్నంతకాలం ఆయనదే. ఈ నాలుగు వస్తువులను చూసిన సైనికుడికి, తాను తిరుగుబాటుదారుడి జీతం తీసుకోవడం లేదని, దేవతల ఎదుట రోము తరఫున నిలబడే అధికారం ఉన్నవాడి జీతం తీసుకుంటున్నానని అర్థమవుతుంది. వాదన మొత్తాన్నీ ఒక్క మాట రాయకుండా చెప్పిన నాణెం అది.

టోపీ ముల్లును చెక్కుతున్నప్పుడు మరొకటి గుర్తుకు వచ్చింది. చిన్న వయసులో సీజర్‌ను జూపిటర్ ఫ్లామెన్ పదవికి ఎంపిక చేశారు. సుల్లా అనే రోమన్ సేనాని అధికారంలోకి వచ్చాక ఆ అవకాశం తీసివేశారు. ఆ టోపీ ఆయన తలకెక్కి ఉంటే, ఆ పదవి కట్టుబాట్ల వల్ల ఆయన సైన్యాన్ని నడిపించగలిగేవాడే కాదు. అదే టోపీ చివరికి ఆయన సైన్యానికి ఇచ్చిన నాణెం మీద చేరింది.

డిసెంబరు 3

అచ్చును ఎర్రగా కాల్చి, అయస్కాంతం అంటుకోని వేడికి చేరాక నూనెలో ముంచాను. రాత్రి ఆలస్యమైందని మళ్లీ సన్నని వేడి మీద పెట్టి పెళుసుతనం తీసే పని మరుసటి రోజుకు వాయిదా వేశాను. మరుసటి ఉదయం తొందరలో ఆ సంగతి పక్కన పెట్టి, సీసపు బిళ్ల మీద పరీక్షగా దెబ్బలు వేశాను. మూడవ దెబ్బకు అచ్చు గొడ్డలి కాడ వెంబడి నిలువునా పగిలింది. మూడు వారాల పని.

డిసెంబరు 14

రెండవసారి చెక్కడానికి తొమ్మిది రోజులే పట్టింది. ఈసారి నూనె నుంచి తీసిన వెంటనే ఉక్కును శుభ్రంగా రుద్ది, లేత గడ్డి రంగు వచ్చేవరకు మెల్లగా వేడి చేసి వదిలేశాను. పగిలిన అచ్చును పారవేయలేదు. దాన్ని చూసినప్పుడల్లా రోమన్ నాణేల మీద కనిపించే పొడుగాటి మిట్ట గీతలకు అర్థం తెలుస్తున్నది. అచ్చు చీలినా వారు పని ఆపకుండా కొట్టారు. ఆ చీలికే వెండి మీద గీతగా నిలిచింది.

డిసెంబరు 20

వెండి పని. క్రీ.పూ. 211 ప్రాంతంలో, కార్తేజ్ సేనాని హానిబాల్‌తో యుద్ధం సాగుతుండగా డెనారియస్ మొదలైనప్పుడు దాని బరువు నాలుగున్నర గ్రాముల దరిదాపుల్లో ఉండేది. ఆ తొలి నాణేల మీద కూడా దేవతలే ఉన్నారు: ఒక వైపు శిరస్త్రాణం ధరించిన రోమా దేవత, మరొక వైపు గుర్రాల మీద దూసుకెళ్తున్న కాస్టర్, పోలక్స్ అనే కవలలు. కొద్ది కాలానికే ఒక రోమన్ పౌండుకు 84 నాణేలన్న లెక్క స్థిరపడింది; అంటే ఒక్కొక్కటి 3.9 గ్రాములకు దగ్గర. సీజర్, ఆగస్టస్‌ల కాలంలో ఉన్నది ఆ లెక్కే. క్రీ.శ. 64లో నీరో దాన్ని పౌండుకు 96కు తగ్గించి, వెండి శుద్ధత కూడా తగ్గించాడు.

నేను 3.8 గ్రాములు తూచి, మూసలో వెలిగారం చల్లి కరిగించి, బొగ్గు మీద చేసిన చిన్న గుంటలో పోస్తున్నాను. గుండుగా గడ్డకట్టిన వెండిని దాగలి మీద రెండు దెబ్బలతో చదును చేసి, మళ్లీ మందమైన ఎరుపు వచ్చేవరకు కాల్చి మెత్తబరచి, చింతపండు పులుసులో మరిగిస్తే బిళ్ల తెల్లగా బయటికి వస్తుంది. రోజుకు ఆరు బిళ్లలకు మించి చేయలేకపోయాను. లెజియన్ అనే ఒక్క రోమన్ సేనాదళానికి ఒక్క దఫా జీతం కోసం ఎన్ని వేల బిళ్లలు కావాలో తలుచుకుంటే, ఆ టంకశాలల్లో పనిచేసిన బానిసల చేతులు కళ్ల ముందు మెదిలాయి.

డిసెంబరు 21

మొదటి నాణెం కొట్టాను. "నకలు" అచ్చును వేపమొద్దులో దిగగొట్టి, దాని మీద వేడి బిళ్లను పట్టకారుతో ఉంచి, పైన బొరుసు అచ్చును నిలబెట్టి పట్టుకుంటే, పెద్దాయన సుత్తి వేశారు. రోమన్లు కూడా ఇలాగే బొమ్మ అచ్చును కింద బిగించి, బొరుసు అచ్చును చేతపట్టేవారు. దెబ్బ తగిలేది పై అచ్చుకే కాబట్టి అదే త్వరగా పాడవుతుంది.

మొదటి రెండు బిళ్లల్లో టోపీ రాలేదు, అచ్చు వాలిపోయింది. మూడవదానిలో నాలుగు వస్తువులూ వచ్చాయి. పెద్దాయన దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "ఇది ఉద్ధరిణి కదా నాయనా, వాళ్లకూ తీర్థం ఉండేదా?" అని అడిగారు. ద్రాక్షసారాయి ధారపోసేవారని, తీర్థంలా పంచేవారు కాదని చెప్పాను. ఆయన గొడ్డలి వైపు చూసి ఇంకేమీ అడగలేదు.

జనవరి 4

రెండవ అచ్చు. క్రీ.పూ. 46 నాటి ఈ నాణెం బొమ్మ వైపున ధాన్యపు వెన్నులు తలకు ముడిచిన కేరెస్ దేవత ఉంటుంది. బొరుసు వైపున సింపులుమ్, ప్రోక్షణి, కూజా, లిటుస్ అనే వంకీ కర్ర. పైన "ఆగుర్" అని, కింద పోంటిఫెక్స్ మాక్సిముస్‌కు పొడి అక్షరాలుగా "పాంట్ మాక్స్" అని అక్షరాలు. మూడేళ్ల కిందటి నాణెం మీద లేని వంకీ కర్ర ఇక్కడ ఎందుకు చేరిందో ఆ పైమాటే చెబుతున్నది. ఈ మధ్యకాలంలో సీజర్ ఆగుర్ కూడా అయ్యాడు. పక్షుల రాకపోకలను బట్టి దేవతల సమ్మతిని తెలుసుకునేవారు ఆగుర్లు. ముడి లేని, కొస వంగిన కర్రతో ఆకాశంలో హద్దులు గీసుకుని, ఆ హద్దుల లోపల ఏ పక్షి ఎటు నుంచి ఎగిరిందో గమనించేవారు. శకునం బాగులేదని ఆగుర్ చెబితే ఎన్నికల సభ కూడా ఆగిపోయేది. రోములో ఆ కర్ర ఎంత బరువైనదో అక్కడ తెలుస్తుంది.

ఖాళీ చోటులో ఒక్క అక్షరం ఉంటుంది: కొన్ని నాణేల మీద డి, కొన్నింటి మీద ఎం. కానుక అనే అర్థం గల డోనుమ్, మూనుస్ అన్న మాటలకు అవి పొడి అక్షరాలని పండితులు చెబుతారు. నేను డి చెక్కాను.

జనవరి 11

లిటుస్ వంపు తిరగబడింది. మైనం ముద్రలో అది ఎడమకు తిరగవలసిన చోట కుడికి తిరిగింది. గీసేటప్పుడు అద్దంలో చూసినట్లు గీయాలన్న జాగ్రత్త అక్షరాల మీద ఉంచి, వస్తువుల మీద సడలించాను. గరిటెను ఎటు తిప్పినా గరిటెలాగే ఉంటుంది కాబట్టి ఈ పొరపాటు అంతకుముందు బయటపడలేదు. దాన్ని సరిచేయాలంటే అచ్చు ముఖాన్ని ఆకురాయితో పూర్తిగా అరగదీయాలి. అరగదీస్తున్నాను.

జనవరి 18

పని ఆగిన రోజుల్లో క్రీ.పూ. 46 నాటిదే మరొక డెనారియస్ బొమ్మలు చూస్తూ కూర్చున్నాను. నా పనికి ఇంతకంటే దగ్గరి నాణెం మరొకటి లేదు. టిటుస్ కారిసియుస్ అనే టంకశాల అధికారి వేయించిన నాణెం అది. ముందు వైపున జూనో మోనేటా దేవత తల, వెనుక వైపున పట్టకారు, సుత్తి, వాటి మధ్య అచ్చు, దాగలి. రోము టంకశాల కాపిటోలైన్ కొండ మీద జూనో మోనేటా గుడికి ఆనుకుని ఉండేది, క్రీ.పూ. 344లో ప్రతిష్ఠ జరిగిన ఆ గుడి పేరు నుంచే ఇంగ్లీషులో డబ్బును పిలిచే మనీ, టంకశాలను పిలిచే మింట్ అన్న మాటలు రెండూ పుట్టాయి. ఒకే ఏడాది ఒక నాణెం మీద పూజారి పనిముట్లు, మరొక నాణెం మీద టంకశాలవాడి పనిముట్లు, రెంటిలోనూ ఒకే రకమైన అమరిక: మనుషులు లేరు, వస్తువులు మాత్రమే ఉన్నాయి. ఆయుధపూజ నాడు సుత్తికి బొట్టు పెట్టే ఇంట్లో పుట్టినవాడిని కాబట్టి, ఆ సుత్తి దేవత వెనుక వైపున ఉండటం నాకు వింతగా తోచలేదు.

ఫిబ్రవరి 1

రెండవ అచ్చుతో ఎనిమిది నాణేలు కొట్టాను. ఆరు బాగున్నాయి. లిటుస్ ఎడమకే తిరిగింది.

ఫిబ్రవరి 22

మూడవ అచ్చు మీద మూడు వారాలు గడిచాయి. ఇదే అన్నిటికంటే కష్టమైనది. నిలబడ్డ ఇద్దరు యువకులు ఆగస్టస్ మనవలు గాయుస్, లూసియుస్. కూతురి కొడుకులైన వీరిద్దరినీ ఆగస్టస్ క్రీ.పూ. 17లో దత్తత తీసుకుని వారసులను చేసుకున్నాడు. బొమ్మ వైపున ఆగస్టస్‌కు "దేశపిత" అన్న బిరుదు ఉన్నది. ఆ బిరుదు ఆయనకు క్రీ.పూ. 2 ఫిబ్రవరి 5న దక్కింది కాబట్టి నాణెం ఆ తర్వాతిదే. నేటి ఫ్రాన్సులోని లియోన్ నగరం, అప్పటి లుగ్డూనుమ్, దీన్ని ముద్రించిన చోటు. రోములోని అశ్విక శ్రేణి వారు ఈ యువకులిద్దరికీ యువనాయకులన్న బిరుదుతో పాటు వెండి డాళ్లు, వెండి ఈటెలు బహూకరించారని ఆగస్టస్ తన శాసనంలోనే చెప్పుకున్నాడు. ఆ వెండి డాళ్లే ఈ వెండి నాణెం మీదికి వచ్చాయి.

ఇక గరిటె, కర్ర. గాయుస్ పోంటిఫెక్స్, అందుకు సింపులుమ్. లూసియుస్ ఆగుర్, అందుకు లిటుస్. సీజర్ ఒక్కడి చేతిలో చేరిన రెండు పౌరోహిత్యాలను ఆగస్టస్ ఇద్దరు మనవలకు పంచాడు. డాలు, ఈటె ఇద్దరికీ ఒకటే. నిలబడే తీరు ఒకటే. ముఖాలు రెండు మిల్లీమీటర్లకు మించవు కాబట్టి పోలిక పట్టే అవకాశమే లేదు. ఇద్దరిలో ఎవరు ఎవరో చెప్పగలిగేవి పైనున్న ఆ రెండు వస్తువులే. నవంబరులో నన్ను పట్టిన ప్రశ్నకు జవాబు నాకు ఉలి చేతపట్టాకే దొరికింది: బొమ్మలన్నీ చెక్కాక మిగిలిన చోటు నింపడానికి అవి పెట్టలేదు, అవి తీసేస్తే ఈ ఇద్దరిలో ఎవరు ఎవరో తెలియని ఇద్దరు కుర్రవాళ్లుగా మిగిలిపోతారు.

ఎక్కువగా కనిపించే రకంలో గరిటె ఎడమన, కర్ర కుడిన ఉంటాయి. మరికొన్ని రకాల్లో అవి తారుమారవుతాయి, కర్ర వంపు కూడా మారుతుంది. జనవరిలో నా చేయి చేసిన పొరపాటు తర్వాత, ఆ తేడాల్లో కొన్నింటికైనా అద్దపు తికమకే కారణమై ఉంటుందని అనుకుంటున్నాను.

మార్చి 1

లూసియుస్ క్రీ.శ. 2లో మస్సీలియాలో (నేటి ఫ్రాన్సులోని మార్సెయ్), గాయుస్ క్రీ.శ. 4లో నేటి టర్కీలోని లిసియాలో మరణించారు. వారసత్వం చివరికి టైబీరియస్‌కు చేరింది. ఆ వారసుల నాణేలు మాత్రం ఓడలెక్కి మిరియాలకు, సన్నని నూలు బట్టలకు బదులుగా మన తీరాలకు వస్తూనే ఉన్నాయి. ఏటా 5 కోట్ల సెస్టెర్సెస్ భారతదేశానికి తరలిపోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ బాధపడ్డాడు. నాలుగు సెస్టెర్సెస్ ఒక డెనారియస్. సాతవాహనుల నేల మీద ఈ నాణెం పట్టుకున్న వర్తకుడు ముందు చూసినది వెండి బరువునే అయి ఉంటుంది. బొమ్మలను అసలు పట్టించుకోలేదని మాత్రం అనలేం: మెదక్ ప్రాంతపు కొండాపూర్ తవ్వకాల్లో రోమన్ నాణేలను అనుకరించి చేసిన మట్టి పతకాలు దొరికాయి. సాతవాహన రాజులు తామూ రాజు తల ఉన్న వెండి నాణేలు వేయించారు. వాటి వెనుక వైపున ఉజ్జయిని గుర్తు, కమానుల కొండ, కింద నది అల.

మార్చి 8

మూడవ అచ్చుతో ఈ రోజు పదకొండు బిళ్లలు కొట్టాం. నాలుగింటిలో అంచు అక్షరాలు తెగిపోయాయి, రెండింటిలో పైభాగం పడక గరిటె, కర్ర రెండూ రాలేదు. మిగిలిన అయిదూ పూర్తిగా వచ్చాయి. అన్నిటికంటే తేలికైనది 3.71 గ్రాములు, బరువైనది 3.82. పైభాగం పడని రెండింటిని కరిగించకుండా విడిగా దాచాను. ఇద్దరు యువకులు అందులో చక్కగా వచ్చారు, గాయుస్ ఎవరో లూసియుస్ ఎవరో మాత్రం చెప్పలేం.